పాత సామాను మన పని, కాల్చడం మాత్రం మన పని కాదు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ముదినేపల్లిలో యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఆగస్టు 9న మనం కలుసుకుంటున్నాం. ఐక్యరాజ్యసమితి 1994లో ఈ రోజును మనలాంటి వాళ్ల కోసం ప్రకటించింది. ఈరోజు పాడుకుంటాం, ఆడుకుంటాం, పోయిన పెద్దలను తలుచుకుంటాం. అవన్నీ ఉండాల్సిందే. ఈసారి పెద్దలు మమ్మల్ని పిలిచి, "పిల్లలతో రోజూ ఉండేది మీరే కదమ్మా, వాళ్లకు పనికొచ్చే సంగతి ఏదైనా మాట్లాడండి" అన్నారు. మేమంటే వార్డెన్ ఒక్కరే కాదు. వంటమ్మ, కమాటి, వాచ్‌మన్, ట్యూటర్లు, అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. చదువు గురించి చెబుదామా, పోటీ పరీక్షల గురించి చెబుదామా అనుకున్నాం. చివరికి తేలిన విషయం పాత సామాను. నవ్వకండి. ఎందుకో చెబుతాం.

పాత సామానంటే ఒకప్పుడు ఇనుము, సీసాలు, అట్టలు, కాగితాలు. ఇప్పుడు మీ ఇళ్లలో ఒకసారి చూడండి. అటక మీద పాడైపోయిన గొట్టం టీవీ. డబ్బాలో పగిలిన ఫోన్లు రెండు మూడు, పనిచేయని ఛార్జర్లు, తెగిన ఇయర్‌ఫోన్లు. వెలగని ఎల్‌ఈడీ బల్బులు. ఇక ఈ కొల్లేటి చుట్టుపక్కల ఎక్కడ చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఏ గట్టు మీద చూసినా ఏరియేటర్ల మోటార్లు, స్టార్టర్ డబ్బాలు, మూటలు మూటలుగా కేబుల్ వైరు, ఇన్వర్టర్ బ్యాటరీలు. కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే వస్తువు పాడై, ఇక వద్దనుకుంటే దాన్ని ఈ-వ్యర్థం అంటారు. పేరు కొత్తది, సరుకు మనకు తెలిసినదే.

ప్రపంచం మొత్తం మీద 2022 ఒక్క సంవత్సరంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వ్యర్థం వచ్చిందని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో లెక్క చెప్పాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి, రీసైకిల్ చేసినట్టు లెక్కకు దొరికింది 22.3 శాతమే. 2030కి ఇది 8 కోట్ల 20 లక్షల టన్నులు అవుతుందని అంచనా. చైనా, అమెరికాల తర్వాత ఎక్కువగా వచ్చేది మన దేశంలోనే.

మరి లెక్కకు దొరకనిదంతా ఎక్కడికి పోయింది? ఆ జవాబు మీలో చాలామందికి తెలుసు. పాత సామాన్లకు ఉల్లిపాయలిస్తామంటూ వీధిలోకి వచ్చే బండికి వెళ్లింది. భుజాన సంచి వేసుకుని తెల్లవారకముందే బయలుదేరే మనవాళ్ల చేతికి వెళ్లింది. అక్కడి నుంచి పాత ఇనుము కొట్టుకు, అక్కడి నుంచి గుడివాడకో, ఏలూరుకో, విజయవాడకో, ఆపైన లారీల మీద ఇంకా దూరానికి వెళ్లింది. ఈ దారిలో మొదటి చెయ్యి మన యానాదుల పేటలది, మన ఎరుకల కాలనీలది. ఈ పని చేసేవాళ్లు వేరే కులాల్లోనూ ఉన్నారు. కానీ భూమి లేక, చెరువు మనది కాక, కావలి పని ఉన్న నెల కావలి, లేని నెల సంచి పట్టుకునే ఇళ్లు మనలో ఎక్కువ.

ఈ పని చేసేవాళ్ల పిల్లలు హాస్టల్లో చేరేటప్పుడు "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే తల దించుకుంటారు. మేము వాళ్లకు చెప్పేది ఒకటే. ఊరు వద్దని పారేసిన దాంట్లోంచి పనికొచ్చేది ఏరి, మళ్లీ వాడుకలోకి పంపే పని మీ నాన్నది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. జపాన్ వాళ్లు టోక్యో ఒలింపిక్స్ పతకాలన్నీ పాత సామానుతోనే చేశారు. 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి దాకా ఊరూరా పెట్టెలు పెట్టి సుమారు 79 వేల టన్నుల పాత పరికరాలు పోగు చేశారు. అందులో ఫోన్లే 62 లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలోంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు తీశారు. మన నీరజ్ చోప్రా మెడలో పడిన టోక్యో బంగారు పతకం కూడా ఆ లోహంతో చేసిందే. పాత సామాను అంత గొప్పది.

సిగ్గుపడాల్సింది, భయపడాల్సింది వేరే ఉంది. అది మంట.

రాగి కోసం వైర్లు పోగేసి, కాలువ గట్టు మీదో, శ్మశానం పక్కనో తగలబెట్టడం మీరు చూసే ఉంటారు. పైనున్న ప్లాస్టిక్ కాలి, నల్లటి పొగ లేస్తుంది, లోపలి రాగి మిగులుతుంది. ఆ తొడుగు పీవీసీ. అది కాలితే ఘాటైన ఆమ్లం ఆవిరి వస్తుంది, డయాక్సిన్లనే విషాలు పుడతాయి. డయాక్సిన్లు గాలిలో పోయి ఊరుకోవు. బూడిదలో ఉంటాయి, మట్టిలో ఉంటాయి, గడ్డి మేసిన గేదె పాలలోకి, నీళ్లలోని చేపలోకి వస్తాయి. ఫోను, టీవీ, కంప్యూటర్ లోపలి పచ్చటి పలకల మీద అతుకులు వేసేది పాత వస్తువుల్లో ఎక్కువగా సీసంతోనే. గొట్టం టీవీ గాజులో కిలో, అంతకు పైన కూడా సీసం ఉంటుంది. ట్యూబులైట్లలో, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో సీసం, ఆమ్లం రెండూ ఉంటాయి. బ్యాటరీ బరువు తగ్గించుకోవడానికి ఆ ఆమ్లాన్ని నేల మీద పారబోస్తారు చూశారా, దానితో పాటు సీసమూ ఆ నేలలోకే దిగుతుంది. ఆ నేల మీదే మన పిల్లలు గోళీలాడతారు.

సీసం ఏం చేస్తుందో మేము బి.ఇడి.లో చదువుకోలేదు, తర్వాత తెలుసుకున్నాం. అది పిల్లల మెదడు మీద పడుతుంది. పాఠం గుర్తుండకపోవడం, ఒక చోట కూర్చోలేకపోవడం, రక్తం తగ్గడం, ఇలాంటి వాటికి సీసం కారణం కావచ్చు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదని చెప్పగల హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఈ-వ్యర్థాల మధ్య బతికే పిల్లల గురించి ఆ సంస్థ 2021లో ఒక నివేదికే వేసింది. కడుపుతో ఉన్న తల్లి పీల్చిన పొగ బిడ్డ దాకా పోతుందని హెచ్చరించింది. "మావాడికి చదువు ఎక్కదమ్మా, మొద్దు" అని మా దగ్గర తలిదండ్రులు బాధపడుతుంటారు. ఎవరినీ అలా అనకండి. ఏ పిల్లాడిలో చదువును ఏది అడ్డుకుంటోందో మనకు తెలియదు. తెలిసిన అడ్డు ఒకటి కళ్ల ముందు మండుతుంటే దాన్ని ఆర్పాలి కదా.

సీసం అన్న మాట మన జిల్లాకు కొత్త కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. అప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని వార్తలు వచ్చాయి. ఆ తర్వాత నిపుణుల చూపు పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. దానికి ఈ-వ్యర్థాలు కారణమని ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పడం లేదు. ఆ రోజుల్లో మనందరికీ ఒక సంగతి మాత్రం అర్థమైంది. నీళ్లలోకి, తిండిలోకి ఏం వస్తోందో తెలియకపోతే ఊరంతా ఎలా వణికిపోతుందో చూశాం.

మన నీళ్లు ఎటు పోతాయో కూడా గుర్తుపెట్టుకోండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వీటితో పాటు ఎన్నో మురుగు కాలువలు కొల్లేటికే చేరతాయి. కొల్లేటి నుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు నీట మునిగాయో టీవీల్లో చూశాం. ఆ నీళ్లు దిగింది మన వైపే. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన సరస్సు ఇది. ఆటపాక గూడబాతులను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అవి తినే చేపే మనమూ తింటాం. గట్టు మీద కాల్చిన బూడిద మొదటి వానకే కాలువలో కలుస్తుంది.

"అందులో బంగారం ఉందంట కదా మేడం, మనమే తీసుకుంటే?" అని ఒక కుర్రాడు మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్న. ఉన్న మాట నిజం. కానీ ఒక ఫోనులో ఉండేది గ్రాములో నూరో వంతుల్లో లెక్కపెట్టే బంగారం. దాన్ని తీయడానికి ఆమ్లాలు వాడాలి. బకెట్లలో ఆమ్లం పోసి పలకలు నానబెట్టే పని ఢిల్లీ సీలంపూర్‌లో, మొరాదాబాద్‌లో, చైనాలోని గుయ్యులో జనం చేశారు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, చేతులు కాలాయి, నేల విషమైంది. బంగారం వాళ్ల దగ్గర నిలవలేదు. ఆ పని పద్ధతిగా చేసే యంత్రాలు, పొగను పట్టి శుద్ధి చేసే ఏర్పాట్లు ఉన్న కర్మాగారాలు వేరు. హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ ఈ పలకల్లోంచి లోహాలు తీసే పద్ధతుల మీదే పనిచేస్తోంది. మీలో సైన్సు చదివేవాళ్లు అక్కడికి పరిశోధకులుగా వెళ్లాలని మా కోరిక. పేటలో బకెట్టు ముందు మాత్రం ఎవరూ కూర్చోకూడదు.

ఇప్పుడు చట్టం సంగతి. ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022 నవంబరులో వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. 106 రకాల వస్తువులు వీటి కిందికి వస్తాయి. ఫోనో టీవీయో తయారు చేసి అమ్మిన కంపెనీయే, దాని ఆయుష్షు తీరాక అది రీసైకిల్ అయ్యేలా చూడాలి. 2023-24లో 60 శాతంతో మొదలుపెట్టి, 2027-28 నుంచి 80 శాతానికి చేరాలని లెక్క పెట్టారు. రీసైకిల్ చేసేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదై ఉండాలి. నమోదు లేనివాళ్లు ఆ పని చేయడానికి వీల్లేదు. బ్యాటరీలకు అదే ఏడాది ఆగస్టులో వేరే నియమాలు వచ్చాయి. మన రాష్ట్రంలోనూ స్వర్ణాంధ్ర-స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో 2025 ఏప్రిల్ నెలకు ఈ-వ్యర్థాలనే అంశంగా తీసుకున్నారు.

ఈ నియమాల్లో మన గురించి కూడా ఒక మాట ఉంది. అది చాలామంది చదవరు. ఈ పనిలో ఉన్న కార్మికులను గుర్తించి నమోదు చేయాలని, వాళ్లు సంఘాలుగా ఏర్పడటానికి సాయపడాలని, నైపుణ్య శిక్షణ ఇవ్వాలని, వాళ్ల ఆరోగ్యం, భద్రత చూడాలని రాష్ట్ర ప్రభుత్వం మీద బాధ్యత పెట్టారు. ఆ మాటను పట్టుకుని మనం అర్జీ పెట్టొచ్చు. అడగకుండా అమ్మయినా పెట్టదంటారు కదా.

ఇంకో సంగతి కొంచెం కష్టంగా ఉన్నా చెప్పాలి. చెరువు మీద మోటారు పోయినా, పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయినా మొదటి చూపు ఎవరి పేట మీద పడుతుందో మీకు తెలుసు. ఈ చూపు నిన్న మొన్నటిది కాదు. 1871లో తెల్లవాళ్లు నేరస్థ తెగల చట్టం చేశారు. తర్వాత దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చి ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలన్నట్టు జాబితాలో రాశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కాగితం మీద పోయింది, కొందరి కళ్లలోంచి పోలేదు. అందుకే మన కార్యక్రమంలో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు పెట్టె కాదు, కాటా కాదు. రసీదు పుస్తకం. ఏ ఇంటి నుంచి ఏ వస్తువు, ఏ తేదీన, ఎంత బరువు, ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, రెండు సంతకాలు. రసీదు లేని ఫోను, రసీదు లేని మోటారు, రసీదు లేని రాగి మన చేతిలో ఒక్క గంట కూడా ఉండకూడదు. ఎవరైనా ఆపి అడిగితే, భయపడకుండా పుస్తకం తెరిచి చూపించాలి.

ఇలా చేసి నిలబడినవాళ్లు ఉన్నారు. పుణెలో చెత్త ఏరుకునే ఆడవాళ్లు 1993లో కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ అని సంఘం పెట్టుకున్నారు. ముందు నగరపాలక సంస్థ గుర్తింపు ఉన్న కార్డులు సాధించుకున్నారు. ఆ తర్వాత 'స్వచ్ఛ్' పేరుతో తమదే అయిన సహకార సంఘం పెట్టి, 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకునే హక్కు వాళ్లది. పాత ఎలక్ట్రానిక్ సామాను కూడా సేకరిస్తారు. వాళ్లలో చాలామంది దళిత స్త్రీలు, చదువు లేనివాళ్లు. వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా?

మరి ముదినేపల్లిలో ఎలా మొదలుపెడదాం? మేము అనుకున్నది చెబుతాం, మీరు సరిచేయండి.

మొదటిది, లెక్క. డిగ్రీ, ఇంటర్ చదివే పిల్లలు ఇద్దరిద్దరుగా మన పేటల్లో ఇంటింటికీ వెళ్లి, ఏ ఇంట్లో ఏ పాత వస్తువు ఉందో, ఈ పని ఎవరు చేస్తున్నారో, ఏ కొట్టులో ఎంతకు అమ్ముతున్నారో రాసుకురావాలి. వస్తువులు తేవద్దు, లెక్క తెస్తే చాలు.

రెండోది, చోటు. హాస్టల్లో పెట్టం. పిల్లలు పడుకునే చోట, వండుకునే చోట ఈ సామాను ఉండకూడదు. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల షెడ్లు ఉన్నాయి. కొన్ని సరిగా వాడకంలో లేవు కూడా. సర్పంచి గారిని, పంచాయతీ కార్యదర్శి గారిని అడిగి, షెడ్డులో గచ్చు నేల ఉన్న, వాన పడని, తాళం పడే ఒక మూల తీసుకుందాం.

మూడోది, విడదీయడం. నాలుగు చోట్లు కావాలి. బాగుచేస్తే పనిచేసేవి ఒక చోట. ఫోన్లు, ఛార్జర్లు, టీవీలు, మోటార్ల వంటివి ఒక చోట. బ్యాటరీలు విడిగా ఇంకో చోట. ట్యూబులైట్లు, బల్బులు పగలకుండా అట్టపెట్టెలో మరో చోట. ఫోను బ్యాటరీ ఉబ్బితే దాన్ని గుచ్చొద్దు, నొక్కొద్దు, ఎండలో పెట్టొద్దు. అంటుకుంటుంది. పొడి ఇసుక పోసిన డబ్బాలో విడిగా పెట్టండి. గొట్టం టీవీని పగలగొట్టొద్దు. ఫ్రిజ్ గొట్టాలు కోయొద్దు. మొత్తంగా ఒకే మాట: వస్తువును ఉన్నది ఉన్నట్టు అమ్ముదాం. మామూలు ఇంటి వైరు, మోటారు వైరు అయితే చేతి స్ట్రిప్పర్‌తో తోలు ఒలుద్దాం. కాల్చి నల్లబడిన రాగి కంటే ఒలిచిన మెరిసే రాగికే కొట్టులో ధర ఎక్కువ. ఈ సంగతి మీ నాన్నలకు మీరే చెప్పండి. పొగ ఆపడానికి ఆరోగ్యం గురించి చెప్పిన మాట కంటే ఈ మాటే ముందు పనిచేస్తుంది.

నాలుగోది, ఫోనులో ఉన్న సమాచారం. సిమ్ము, మెమరీ కార్డు తీసేసి, ఫోటోలు, నంబర్లు, బ్యాంకు యాప్‌లు అన్నీ పోయేలా చెరిపేశాకే తీసుకోవాలి. ఆడపిల్లల ఫోటోలు ఎవరి చేతిలో పడతాయో అన్న భయంతోనే చాలా ఇళ్లలో పాత ఫోన్లు బయటికి రావు. ఆ భయం నిజమైనదే. ఇచ్చేవాళ్ల ముందే చెరిపేసి చూపించే పని మన అమ్మాయిలు నేర్చుకోవాలి. ఆన్ కాని ఫోనైతే విడిగా మూట కట్టి, రసీదు మీద ఆ మాట రాయాలి.

ఐదోది, కొనేవాళ్లు. కేంద్ర మండలి దగ్గర నమోదైన రీసైక్లర్లు ఎవరో వాళ్ల పోర్టల్‌లో చూడొచ్చు. ఒక సంచి సామాను కోసం ఎవరూ ముదినేపల్లి దాకా వాహనం పంపరు. అందుకే కైకలూరు, మండవల్లి, కలిదిండి పేటల్లో ఉన్న మనవాళ్లతో కలిస్తేనే బండి నిండుతుంది. నియమాల్లో కంపెనీలకు, రీసైక్లర్లకు ఈ-వ్యర్థం నిల్వ పెట్టుకోవడానికి 180 రోజుల గడువు ఇచ్చారు. మనం అంతకంటే ముందే పంపించేయాలి.

ఆరోది డబ్బు. అసలు చిక్కు ఇక్కడే. వైరు కాల్చి కొట్టుకు వేసినవాడికి సాయంత్రానికి చేతిలో డబ్బు పడుతుంది. ఆ డబ్బుతోనే బియ్యం, నూనె వస్తాయి. "మూడు నెలలాగు, మంచి ధర వస్తుంది" అంటే ఆ ఇల్లు ఆగలేదు. ఆగమనడం న్యాయం కూడా కాదు. కాబట్టి కాటా మీదే, అప్పటికప్పుడే డబ్బు ఇవ్వాలి. దానికి కొంత మూలధనం కావాలి. డ్వాక్రా సంఘాలు, మన సంఘం, ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు తలా కొంత వేస్తే ఒక చిన్న నిధి అవుతుంది. సామాను అమ్మినప్పుడు అది తిరిగి వస్తుంది. లెక్క నెలకోసారి అందరి ముందు చదవాలి. డబ్బు లెక్క చదవని సంఘం ఎన్నాళ్లు నిలుస్తుందో మీకు వేరే చెప్పాలా?

ఏడోది, మనిషికి రక్షణ. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ మందపాటి చేతి తొడుగులు, మూసిన చెప్పులు, మాస్కు కావాలి. పని అయ్యాక బట్టలు మార్చి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పసిపిల్లను ఎత్తుకోవాలి. ఈ-శ్రమ్ కార్డు లేనివాళ్లకు నమోదు చేయించాలి. పట్టణాల్లో చెత్త ఏరే కార్మికులను ఇప్పుడు కేంద్రం 'నమస్తే' పథకంలో చేర్చింది. ఏలూరు, గుడివాడ, తాడేపల్లిగూడెంలో ఉన్న మన బంధువులకు ఆ మాట చేరవేయండి.

ఇక్కడ ఒక గీత గీస్తున్నాం. మా హాస్టల్ పిల్లలు ఈ సామాను ముట్టరు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడం నేరం. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను ప్రమాదకరమైన పనిలో పెట్టడం కూడా నేరం. మా పిల్లలు పోస్టర్లు రాస్తారు, లెక్కలు కూడతారు, ఇంట్లో అమ్మానాన్నలకు చెబుతారు. అంతవరకే. సెలవుల్లో సంచి పట్టుకుని వెళ్లిన పిల్లలు కొందరు తిరిగి బడికి రారు. మా రిజిస్టరులో అలాంటి పేర్లు ఉన్నాయి. ఈ కార్యక్రమం వల్ల ఒక్క పేరు కూడా పెరగకూడదు. తగ్గాలి.

పెద్దపిల్లలకు ఇంకో దారి ఉంది. రీసైకిల్ కంటే ముందు రిపేరు. బాగుచేసి వాడిన ఫోను వ్యర్థం కాదు. ఈ చెరువుల దేశంలో ఏరియేటర్ మోటార్లకు వైండింగ్ చేసేవాడికి పని లేని సీజన్ ఉండదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చదవొచ్చు. ఫోన్ల రిపేరు నేర్చుకుని కొట్టు పెట్టొచ్చు. మన షెడ్డులో 'బాగయ్యేవి' అన్న మూల ఉంది చూశారా, అది మీ కోసం. తాత బుట్టలల్లాడు, ఈతాకు చీల్చే చేతుల్లో ఎంత ఒడుపు ఉంటుందో మీకు తెలుసు. ఆ ఒడుపుతో చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుంటే మీకు ఎదురుండదు.

ఇదంతా ఒక్క రోజులో అయ్యేది కాదని మాకు తెలుసు. మా హాస్టల్లో ఒక అలవాటు ఉంది. ఏ పని మొదలుపెట్టినా చిన్న తేదీ ఒకటి పెట్టుకుంటాం. అక్టోబరు 14ను అంతర్జాతీయ ఈ-వ్యర్థాల దినంగా జరుపుతున్నారు. అంటే మనకు రెండు నెలలకు పైగా సమయం ఉంది. ఆ రోజుకు మూడు పనులు అయితే చాలు: పేటల లెక్క పుస్తకం, షెడ్డులో తాళం పడే మూల, రసీదు పుస్తకం. పెట్టెలు, బ్యానర్లు తర్వాత చూసుకుందాం.

బయట బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాం. మొదటి పేజీలో గీతలు గీసి ఉంచాం. పేరు, పేట, ఏం చేయగలరు, ఏ రోజు ఖాళీ, అంతే. భోజనాలకు వెళ్లే ముందు మీ పేరు రాసి వెళ్లండి. రాయడం రాని అన్నలు, అక్కలు ఉంటే పక్కన మా పిల్లలు కూర్చుని ఉంటారు, చెప్తే రాస్తారు.